నివాస రచనా కార్యశాలకు వెళ్లే ముందు చేసుకోవలసిన సన్నాహాలు

కథలో, కవితలో, నవలలో రాసేవారు కొద్ది రోజులపాటు ఒకే చోట బస చేసి, పగలంతా రాతలోనూ చర్చలోనూ గడిపి, సాయంత్రాలు ఒకరి రచనలను ఒకరు వినే ఏర్పాటును నివాస రచనా కార్యశాల అంటున్నాము. ఒక పూట జరిగే ఉపన్యాసానికి వెళ్లడానికి పెన్ను, పుస్తకం ఉంటే సరిపోతుంది. నివాస కార్యశాలలో చర్చకు వచ్చేది మీ సొంత రచన. దాన్ని విమర్శించినవారే ఆ పూట మీ పక్కన కూర్చుని భోజనం చేస్తారు, మర్నాడు తమ రచన మీద మీ మాట కోసం ఎదురుచూస్తారు. అందుచేత సామాను సర్దుకోవడం ఈ సన్నాహాల్లో చివరిది, అన్నిటికన్నా చిన్నది. మీ రాతప్రతిని ఇతరులు చదవగలిగే స్థితికి తేవడం ఒక పని, ఇతరుల రాతప్రతులను శ్రద్ధగా చదివి పెట్టుకోవడం మరొక పని. ఈ రెండోదాన్ని చాలామంది ప్రయాణంలో చూసుకుందాంలే అని వదిలేస్తారు. కార్యశాల నుంచి ఎవరికి ఎంత దక్కుతుందన్నది మాత్రం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా అది ఏ రకమో తెలుసుకోవాలి

ఈ పేరుతో జరిగేవన్నీ ఒకే తీరున ఉండవు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ నిజానికి డిగ్రీ చదువు. అయినా, తోటివారి రాతప్రతిని ముందే చదివి వచ్చి బల్ల చుట్టూ కూర్చుని చర్చించే పద్ధతికి అదే ఎక్కువ ప్రచారం తెచ్చింది. 1968లో పెన్సిల్వేనియాలో ప్రారంభమైన క్లారియన్ కార్యశాల సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసేవారి కోసం ఏర్పడింది. అందులో ఆరు వారాలపాటు ఉండి కొత్త కథలు రాస్తూ, రాసినవాటిని వెంటనే చర్చకు పెడతారు. ఇంగ్లండులో అదే సంవత్సరం జాన్ ఫెయిర్‌ఫాక్స్, జాన్ మోట్ అనే ఇద్దరు కవులు నెలకొల్పిన ఆర్వన్ సంస్థలో పద్ధతి వేరు. వారం రోజుల లోపు ముగిసే ఆ శిబిరాలలో ఇద్దరు రచయితలు బోధిస్తారు, ఉదయం అందరికీ కలిపి అభ్యాసాలు ఇస్తారు, తరువాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు, వచ్చినవారు వంతులవారీగా వంట కూడా చేస్తారు. 1926 నుంచి అమెరికాలోని వెర్మాంట్‌లో జరుగుతున్న బ్రెడ్ లోఫ్ సదస్సులో ఉపన్యాసాలు, రచనా పఠనాలు, చిన్న బృందాల చర్చలు కలిసి ఉంటాయి. ఇవి కాక, బోధనా విమర్శా ఏవీ లేకుండా కేవలం ఏకాంతంగా రాసుకోవడానికి గది ఇచ్చే ఏర్పాట్లూ ఉన్నాయి.

మీరు వెళ్లబోయేది వీటిలో దేనికి దగ్గరగా ఉందో తెలియనిదే ఏ సన్నాహమూ కుదరదు. అభ్యాసాలు ఎక్కువగా ఉండే చోటికి మూడువందల పేజీల నవలను మోసుకుపోయి ప్రయోజనం లేదు, దాన్ని తీసి చూసే తీరిక అక్కడ ఉండదు. రాతప్రతుల చర్చ ప్రధానమైన చోటికి ఖాళీ నోట్‌బుక్కుతో వెళితే వారమంతా ప్రేక్షకులుగా ఉండిపోతారు. కాబట్టి ఎంపికైనట్టు ఉత్తరం రాగానే కార్యక్రమ పట్టికను నిదానంగా చదివి, అందులో లేని సంగతులను నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. చర్చకు ముందే రచన పంపాలా, పంపితే ఎన్ని పదాలు, ఏ తేదీలోగా పంపాలన్నది మొదటి ప్రశ్న. ఒక్కొక్కరి రచనకు ఎంత సేపు కేటాయిస్తారు, చర్చ జరుగుతున్నప్పుడు రచయిత మాట్లాడవచ్చా, మార్గదర్శకులతో విడిగా కలిసే అవకాశం ఉందా, రాసుకోవడానికి రోజులో ఎంత సమయం వదులుతారు, గది ఒక్కరికేనా ఇద్దరికా, ఇంటర్నెట్, ప్రింటర్ ఉంటాయా అన్నవి తరువాతివి. ఇవన్నీ ఒకే ఉత్తరంలో అడగడం మర్యాద. ఫీజు భారమనిపిస్తే రాయితీలు, ఉపకార వేతనాలు ఏమైనా ఉన్నాయా అని అదే ఉత్తరంలో అడగడానికి మొహమాటపడనక్కరలేదు, చాలా సంస్థలు వాటి కోసం కొంత సొమ్ము విడిగా పెట్టుకుంటాయి.

ఏ రచనను తీసుకెళ్లాలి

దరఖాస్తుతో పంపే నమూనా, చర్చకు పెట్టే రచన ఒకటే కానక్కరలేదు. ఎంపిక చేసేవారు మీరు ఏ మేరకు రాయగలరో చూస్తారు కాబట్టి దరఖాస్తుకు మీ దగ్గరున్న వాటిలో ఉత్తమమైనది పంపడం న్యాయమే. చర్చకు మాత్రం అదే రచనను పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. పది సార్లు చెక్కి, ఇక ఒక్క అక్షరం కూడా మార్చనని మనసులో నిశ్చయించుకున్న కథను బల్ల మీద పెట్టినవారు కోరుకునేది మెప్పు మాత్రమే. మెప్పు దొరికినా దొరకకపోయినా కథ అక్కడే ఉంటుంది. నిన్ననో మొన్ననో మొదలుపెట్టి, అది ఎటు పోతుందో మీకే తెలియని రచన కూడా పనికిరాదు, చదివేవారు పట్టుకోవడానికి అందులో ఇంకా ఏమీ ఉండదు.

ఈ రెంటికీ మధ్యలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి రాయడం పూర్తయి, ఒకటి రెండు సార్లు తిరగరాసి, ఎక్కడో ఏదో కుదరలేదని మీకు తెలుస్తూ, ఆ కుదరనిదేమిటో మీ అంతట మీరు పట్టుకోలేకపోతున్న రచనే చర్చకు సరైనది. ఉత్తమ పురుషలో చెప్పిన కథ ప్రథమ పురుషలో ఉండాల్సిందేమో అన్న అనుమానం, ముగింపు హఠాత్తుగా వచ్చిందన్న అసంతృప్తి, మధ్యలో ఒక పాత్ర ఎందుకో చల్లబడిపోయిందన్న దిగులు వంటివి మీకు ఉంటే, పదిమంది పాఠకులు ఒకేసారి దొరికే అవకాశాన్ని వాటి కోసం వాడుకోవాలి. వీలైతే మరొక చిన్న రచనను కూడా సిద్ధంగా పెట్టుకోవడం మంచిది, ఎవరైనా రాలేకపోతే ఖాళీ అయిన సమయాన్ని మిగిలినవారికి ఇవ్వడం కద్దు.

నవలా భాగాన్ని పంపేవారికి ఒక చిక్కు ఉంది. మొదటి అధ్యాయం పంపితే చర్చ అంతా ఎత్తుగడ చుట్టూనే తిరుగుతుంది. మధ్య అధ్యాయం పంపితే ఎవరు ఎవరో తెలియక పాఠకులు తికమకపడతారు. మధ్య భాగం మీదే మీకు సందేహాలుంటే దాన్నే పంపి, ముందు అర పేజీకి మించకుండా జరిగిన కథను చెప్పాలి. ఆ అర పేజీలో సంఘటనలు, పాత్రల మధ్య సంబంధాలు ఉంటే చాలు. ఈ నవల ద్వారా మీరు ఏమి చెప్పదలచుకున్నారో అక్కడ రాయకూడదు. రాస్తే పాఠకులు దాన్నే రచనలో వెతుక్కుంటారు, రచన ఒంటరిగా ఏమి చెప్పగలుగుతోందో మీకు ఎప్పటికీ తెలియదు. కవులు ఒకే తీరు కవితలు నాలుగు పంపడం కన్నా, తమలోని వేర్వేరు ప్రయత్నాలను చూపే మూడు నాలుగు కవితలు పంపితే చర్చకు విస్తృతి వస్తుంది.

సొంత జీవితంలోని గాయాల గురించి రాసినవారు ఆ రచనను చర్చకు పెట్టే ముందు మరొక్క సంగతి తమను తాము ప్రశ్నించుకోవాలి. పాత్ర ప్రవర్తన నమ్మేలా లేదని ఒకరంటే, అది నిజంగా జరిగింది కాబట్టి మీకు కోపమో దుఃఖమో రావచ్చు. ఆ రచనను రచనగా విని తట్టుకోగలిగినంత దూరం ఇంకా ఏర్పడలేదనిపిస్తే దాన్ని ఇంట్లోనే ఉంచి వేరొకటి తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు.

రాతప్రతి రూపం

నిర్వాహకులు చెప్పిన కొలతలుంటే వాటినే అక్షరాలా పాటించాలి. చెప్పకపోతే 12 పాయింట్లకు తగ్గని అక్షరాలు, పంక్తుల మధ్య రెట్టింపు ఎడం, నాలుగు వైపులా ఒక అంగుళం మార్జిన్, ప్రతి పేజీ మీద పేజీ సంఖ్య, మీ పేరు ఉండేలా చూసుకుంటే చాలు. తెలుగులో గుణింతాలు పైకీ వత్తులు కిందికీ పోతాయి కాబట్టి పంక్తులు ఇరుకైతే చదవడమే కష్టమవుతుంది, పెన్నుతో గీతలు గీయడానికి చోటు అసలే ఉండదు. పంక్తి సంఖ్యలు కూడా వేస్తే, చర్చలో అందరూ ఒకే చోటును వెతుక్కోవడానికి పట్టే సమయం కలిసివస్తుంది. పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు మరొకరి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనబడుతుంది, కనుక యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒకసారి పూర్తిగా చదివి, వ్యాఖ్యలు రాసుకునేవారి కోసం వర్డ్ ఫైలు, రూపం చెదరకుండా పీడీఎఫ్ రెండూ పంపడం మేలు. ఫైలు పేరులో మీ పేరు, రచన పేరు ఉండాలి. ఒకే పెట్టెలోకి పది ఫైళ్లు వచ్చి చేరినప్పుడు ‘కథ ఫైనల్ 2’ అన్న పేరుతో ఉన్నది ఎవరిదో ఎవరికీ తెలియదు. అచ్చుతప్పులు దిద్ది పంపడం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, తప్పులు ఎక్కువగా ఉంటే పాఠకుల శ్రద్ధ వాటి మీదికే పోయి అసలు సంగతి మరుగున పడుతుంది.

తోటివారి రాతప్రతులు చదవడం

పన్నెండుమంది ఉన్న బృందంలో ఒక్కొక్కరు నాలుగు వేల పదాలు పంపారనుకుంటే మీరు చదవవలసింది నలభై నాలుగు వేల పదాలు. ఒక్కొక్కదాన్ని రెండు సార్లు చదివితే అది ఎనభై ఎనిమిది వేలు. రైలులోనో విమానంలోనో ఒక్క బిగిన పూర్తయ్యే పని కాదిది. రాతప్రతులు చేతికందిన నాటి నుంచి రోజుకు ఒకటి చొప్పున పెట్టుకుంటే పన్నెండు రోజుల్లో తీరిగ్గా ముగుస్తుంది, ఆఖరి రచనకు కూడా మొదటిదానికి ఇచ్చినంత శ్రద్ధ దక్కుతుంది.

మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను ఉండకూడదు. పత్రికలో అచ్చయిన కథను చదివినట్టే చదివి, పక్కన పెట్టి, మీకు గుర్తున్నదేమిటో రెండు మూడు వాక్యాల్లో రాసుకోవాలి. రచయితకు ఆ రెండు మూడు వాక్యాలే అన్నిటికన్నా విలువైనవి, ఎందుకంటే తన కథ చదివాక అపరిచితుల మనసులో ఏమి మిగులుతుందో తెలుసుకునే మార్గం అతనికి మరొకటి లేదు. మర్నాడు రెండోసారి, ఈసారి పెన్ను పట్టుకుని, చదవాలి. ఉత్సాహం కలిగిన చోట, నవ్వు వచ్చిన చోట, వెనక్కి వెళ్లి మళ్లీ చదవవలసి వచ్చిన చోట, కళ్లు జారిపోయిన చోట మార్జిన్‌లో చిన్న గుర్తు పెట్టి, కారణం తోస్తే రాయాలి. తోచకపోతే గుర్తు ఒక్కటే చాలు.

వ్యాఖ్య ఎలా ఉండాలో ఒక ఉదాహరణ మీద చూద్దాము. ఒక కథలో మూడేళ్ల తరువాత తమ్ముడు అక్క ఇంటికి వస్తాడు. తలుపు తీసిన అక్క “వచ్చావా” అని మాత్రం అని, పక్కకు తప్పుకుంటుంది. ఆ తరువాత పేరా అంతా ఆమెకు ఎంత కోపంగా ఉందో, ఆ కోపం ఎన్నాళ్లుగా పేరుకుందో రచయిత వివరిస్తాడు. పేరా చివర, తమ్ముడు రాసిన ఉత్తరం ఒకటి ఆమె ఇప్పటికీ విప్పలేదన్న సంగతి వస్తుంది. దీని పక్కన “బాగుంది, కానీ కొంచెం సాగదీసినట్టుంది” అని రాస్తే రచయితకు పనికివచ్చేది ఏమీ లేదు, ఏది బాగుందో ఏది సాగిందో అతనికి తెలియదు. “ఈ పేరా తీసెయ్యండి” అని రాస్తే ఉత్తరం సంగతి కూడా పోతుంది. “‘వచ్చావా’ అన్న మాటతోనే ఆమె కోపం నాకు అందింది. తరువాతి ఆరు వాక్యాలు నాకు తెలిసినదాన్నే మళ్లీ చెప్పాయి, ఆ మాట బలం నా మనసులో తగ్గింది. విప్పని ఉత్తరం దగ్గర మళ్లీ నిటారుగా కూర్చున్నాను. ఆమె దాన్ని ఎక్కడ దాచిందో తెలుసుకోవాలనిపించింది” అని రాస్తే, రచయిత చేతికి నాలుగు సంగతులు అందుతాయి. ఏమి చేయాలన్న నిర్ణయం అతని దగ్గరే ఉంటుంది. కోపాన్ని వివరించే వాక్యాలు తగ్గిస్తాడో, ఉత్తరాన్ని ముందుకు తెస్తాడో, లేక ఏమీ మార్చకుండా ఉంచుతాడో అతని ఇష్టం.

ఇలాంటి గుర్తులన్నిటినీ పెట్టుకున్నాక ఒక్కొక్క రచయితకు ఒక పేజీ ఉత్తరం రాసి తీసుకెళ్లాలి. ఆ రచన దేని గురించి అని మీకు అర్థమైందో చెప్పి, బలంగా ఉన్నచోట్లను వాక్యాలతో సహా చూపి, దారి తప్పిన చోట్లను చెప్పి, ఒకటో రెండో ప్రశ్నలు వేసి ముగిస్తే చాలు. భాషాదోషాల పట్టికను ఉత్తరంలో కలపకుండా రాతప్రతి మీదే దిద్ది ఇవ్వవచ్చు. మీకు బొత్తిగా గిట్టని రకం రచన వచ్చినప్పుడు, ఉదాహరణకు వచన కవితనే ఇష్టపడేవారికి పద్యం గానీ, వాస్తవిక కథలు రాసేవారికి రాజులూ మంత్రగత్తెలూ ఉన్న కథ గానీ ఎదురైనప్పుడు, అది మీకు నచ్చే రచన ఎలా అవుతుందని కాక, అది కాదలచుకున్నదానికి ఎంత దగ్గరగా వచ్చిందని చూడాలి. ఈ ఒక్క అలవాటు చేసుకున్నవారిని బృందమంతా వింటుంది. పైగా ఇతరుల రచనలో లోపాన్ని కారణంతో సహా చెప్పడానికి ప్రయత్నించేకొద్దీ, మీ రచనలోని అదే లోపం తనంతట తానే మీ కంటపడుతుంది.

ఈ రాతప్రతులు మీకు నమ్మకంతో ఇచ్చినవి. వాటిని స్నేహితులకు పంపడం, వాటిలోని వాక్యాలను సామాజిక మాధ్యమాల్లో పెట్టడం, రచయిత అనుమతి లేకుండా కృత్రిమ మేధ పరికరాల్లో వేసి సారాంశం తీయించడం తగదు.

మీ రచన మీద చర్చకు సిద్ధపడడం

చర్చ నడిపే పద్ధతులు ప్రధానంగా మూడు రకాలు. అయోవా తరహాలో, మీ రచన గురించి ఇతరులు మాట్లాడుతున్నంతసేపూ మీరు మౌనంగా ఉంటారు. 1956లో మొదలైన సైన్స్ ఫిక్షన్ రచయితల మిల్‌ఫర్డ్ సదస్సు నుంచి వచ్చిన, క్లారియన్ అనుసరించిన తరహాలో, వరుసగా కూర్చున్న ఒక్కొక్కరు అంతరాయం లేకుండా కొద్ది నిమిషాలు మాట్లాడాక చివర రచయిత బదులు చెబుతాడు. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన నాలుగు దశల పద్ధతిలో, రచనలో తమను తాకినదాన్ని ముందు అందరూ చెబుతారు, తరువాత రచయిత ప్రశ్నలడుగుతాడు, ఆపైన ఇతరులు తమ అభిప్రాయం కలపని ప్రశ్నలు వేస్తారు, చివరగా రచయిత సరేనంటేనే అభిప్రాయాలు చెబుతారు. రచయిత నోరు మూయించే పద్ధతి అన్యాయమన్న విమర్శ ఇటీవలి కాలంలో బాగా వినిపిస్తోంది. కొన్నాళ్లు అలవాటైన రచయితలకు ఆ మౌనం సౌకర్యంగానే ఉంటుందన్నది నా అభిప్రాయం, ఎందుకంటే సమర్థించుకోవలసిన బాధ్యత లేనప్పుడే మనిషి నిజంగా వింటాడు. కొత్తవారికి మాత్రం లెర్మన్ పద్ధతి మేలు. మీరు వెళ్లేచోట ఏది ఉన్నా, ముందే తెలిసి ఉంటే ఉలికిపాటు ఉండదు.

మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలను ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకోవాలి. మూడు చాలు. “కథ ఎలా ఉంది” అన్నది ప్రశ్న కాదు. “తండ్రి అబద్ధం చెబుతున్నాడని మీకు ఏ పేజీలో అనుమానం వచ్చింది”, “చివరి కవితలో రెండో ఖండిక లేకపోతే మీకు ఏమైనా లోటనిపిస్తుందా” వంటివి ప్రశ్నలు. ఈ కాగితాన్ని రాతప్రతితోపాటు ముందే పంపకండి, పంపితే చదివేవారి దృష్టి అక్కడికే పోతుంది.

చర్చ జరుగుతుండగా ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే రాసుకోవడం సాధన చేయాలి. ఒప్పుకోవడం, ఖండించడం ఆ పూట పెట్టుకోకూడదు. ఏడో పేజీలో విసుగు పుట్టిందని నలుగురు అంటే, ఏడో పేజీలో ఏ లోపమూ లేకుండా రెండో పేజీలో చెప్పవలసినదాన్ని చెప్పకపోవడమే కారణం కావచ్చు. దాన్ని పోల్చుకోవడానికి కొన్ని రోజుల తరువాత ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు మీ ముందు ఉండాలి. నిర్వాహకులు, సభ్యులు ఒప్పుకుంటే చర్చను రికార్డు చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే చర్చలో మీ తరఫున రాసిపెట్టమని ఒక తోటి రచయితను ముందే అడిగి, వారి చర్చలో మీరు రాసిపెట్టవచ్చు.

మార్గదర్శకులతో విడిగా కలిసే సమయం సాధారణంగా తక్కువ ఉంటుంది. వారి రచనలలో ఒకటి రెండైనా వెళ్లే ముందు చదివి ఉండాలి. పొగడ్త కోసం చదవనక్కరలేదు, వారి అభిరుచి తెలిస్తే వారు చెప్పే సలహా ఎక్కడి నుంచి వస్తోందో బోధపడుతుంది.

చేతికి పని అలవాటు చేయడం, చదివి వినిపించడం

అభ్యాసాలు ఉండే చోట, “ఇరవై నిమిషాల్లో ఈ వాక్యంతో మొదలుపెట్టి రాయండి” అంటారు. నెలల తరబడి ఏమీ రాయనివారికి ఆ ఇరవై నిమిషాలు చాలా భారంగా గడుస్తాయి. వెళ్లబోయే ముందు రెండు వారాలు, రోజూ ఒకే వేళకు, గడియారం పెట్టుకుని, దిద్దకుండా, ఆపకుండా రాయడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. టైపు చేయడం అలవాటైనవారు కొన్ని రోజులు చేత్తో కూడా రాసి చూసుకోవాలి, చాలా చోట్ల అభ్యాసాలు కాగితం మీదే చేయిస్తారు. ఆ రాతల్లో మంచి వాక్యం ఒక్కటి లేకపోయినా పట్టించుకోనక్కరలేదు.

సాయంత్రపు పఠనాలకు ప్రత్యేకంగా సిద్ధపడాలి. ఐదు నిమిషాలు ఇస్తామంటే నాలుగున్నర నిమిషాల్లో ముగిసే భాగాన్ని ఎంచుకుని, నిలబడి, బయటికి గట్టిగా, గడియారం చూసుకుంటూ కనీసం మూడు సార్లు చదవాలి. మనసులో చదివినప్పుడు సాఫీగా సాగిన వాక్యం పైకి చదివితే ఊపిరి చాలక మధ్యలో తెగుతుంది. అక్కడ చిన్న గీత పెట్టుకోవడమో, వాక్యాన్నే విడగొట్టడమో చేయాలి. ముందు కథ ఐదు వాక్యాలు చెబితే గానీ అర్థం కాని భాగాన్ని పఠనానికి తీసుకోకూడదు. సంభాషణలో ఇద్దరికి మించి మాట్లాడే భాగం కూడా వినేవారికి కష్టం. కవిత చదివేవారు పాదం విరిగిన చోట నిజంగానే ఆగుతున్నారో, వాక్యార్థం వెంట పరుగెడుతున్నారో ఒకసారి రికార్డు చేసి వినుకోవాలి. చదవబోయే భాగాన్ని 16 పాయింట్ల అక్షరాలతో విడిగా ప్రింట్ తీసుకోండి, ఫోను తెర మీద చూసి చదివేవారు తల ఎత్తలేరు.

ఇల్లు, ఉద్యోగం, సామాను

రాయడానికి కావలసింది తీరిక లేని బుర్ర కాదు కాబట్టి, ఆ రోజుల్లో గడువు పడే పనులన్నీ ముందే ముగించాలి. ఆఫీసులో మీ పని ఎవరు చూస్తారో, ఏ సంగతి అయితేనే మీకు ఫోను చేయాలో రాసి ఇవ్వాలి. పిల్లలో పెద్దవాళ్లో మీ మీద ఆధారపడి ఉంటే, మీరు లేనప్పుడు ఎవరు ఏ పూట ఉంటారన్నది మాటలతో సరిపెట్టకుండా పట్టికగా వేసి అంటించాలి. ఇంటివారితో రోజుకు ఒకసారి, ఒకే వేళకు మాట్లాడతామని చెప్పి ఉంచితే మిగతా వేళ మీదవుతుంది. ఇది స్త్రీలకు చెప్పినంత తేలిక కాదు. అందుకే ఈ ఏర్పాట్లను చివరి వారానికి వదలకుండా, ఎంపిక ఉత్తరం వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఆహార నియమాలు, అలర్జీలు, మెట్లు ఎక్కలేకపోవడం, వినికిడి ఇబ్బంది వంటివి ఉంటే నిర్వాహకులకు ముందుగానే రాయాలి, వెళ్లాక చెబితే వారు చేయగలిగింది తక్కువ. రోజూ వేసుకునే మందులు రెండు మూడు రోజులకు ఎక్కువగా పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్, ఛార్జర్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, రెండు నోట్‌బుక్కులు, మీ రాతప్రతి ప్రింట్, తోటివారి రాతప్రతులు, మీరు రాసిన ఉత్తరాలు, ఒక నిఘంటువు ఉంటే రాతకు సంబంధించిన సామాను అయినట్టే. ఇలాంటి చోట్లు చాలావరకు ఊరికి దూరంగా ఉంటాయి, ఇంటర్నెట్ అందకపోవచ్చు. ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ దించుకుని ఉంచాలి. గది పంచుకోవలసి వస్తే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులు, పక్కవారి నిద్ర చెడకుండా చదువుకోవడానికి చిన్న దీపం దగ్గరుంచుకోవాలి. బట్టల విషయంలో ఆ చోటి వాతావరణం తెలుసుకోవడం తప్ప చెప్పేదేమీ లేదు. చదవడానికి పుస్తకాలు మూట కట్టుకోవద్దు, ఒక్కటి చాలు, అది కూడా తెరవరు.

రోజంతా మనుషుల మధ్య ఉండడం అలవాటు లేనివారు తమకు ఒంటరి సమయం ఎప్పుడు కావాలో ముందే ఆలోచించుకోవాలి. తెల్లవారుజామున నడక కావచ్చు, మధ్యాహ్నం అరగంట గది తలుపు వేసుకోవడం కావచ్చు. అది మొదటి రోజే గదిలో ఉండే మనిషికి చెబితే ఎవరూ నొచ్చుకోరు. భోజనాల దగ్గర, రాత్రి కబుర్ల దగ్గర మాత్రం వీలైనంత ఉండాలి, తరువాత ఏళ్ల తరబడి మీ చిత్తుప్రతులు చదివిపెట్టే ఇద్దరు ముగ్గురు దొరికేది అక్కడే. ప్రయాణాన్ని మొదటి సమావేశానికి కనీసం కొన్ని గంటల ముందు చేరేలా పెట్టుకోవాలి. పరిచయాలు, చర్చల క్రమం, ఒకరికొకరు ఇచ్చుకునే హామీలు అన్నీ ఆ సమావేశంలోనే తేలతాయి.

తిరిగి వచ్చాక చేయవలసిన పనికి కూడా బయలుదేరే ముందే చోటు కేటాయించుకోవాలి. మీ చేతిలో పది పన్నెండు ఉత్తరాలు, గీతలు గీసిన పది పన్నెండు రాతప్రతులు ఉంటాయి. వాటిని వచ్చిన మర్నాడే ముందేసుకుని కథను తిరగరాయడానికి కూర్చుంటే, ఆఖరున గట్టిగా మాట్లాడినవారి మాటే నెగ్గుతుంది. తాజాగా గుర్తున్న సంగతులను, నోట్‌బుక్కులో సగం సగం రాసినవాటిని పూర్తి వాక్యాలుగా ఎత్తి రాసి, ఉత్తరాలన్నిటినీ తేదీ వేసి ఒక కవరులో పెట్టి, రెండు మూడు వారాల తరువాతే తెరవాలి. ఎత్తి రాసే పనికి తీరిగ్గా రెండు రోజులు పడుతుంది. కాబట్టి సెలవు అడిగేటప్పుడే ఆ రెండు రోజులు కూడా కలిపి అడగాలి.